లెక్క తేలనిదంతా దాచినదేనా?

గోదావరి జిల్లాలకు ఇరాక్ యుద్ధం ఎక్కడో జరిగిన పరాయి కథ కాదు. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న భారతీయులు సుమారు 1,70,000 మంది. వాళ్లలో కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికి, వంటపనికి, డ్రైవరు పనికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఎడారి దాటి, జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కణ్ణుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో వాళ్లు ఇళ్లకు చేరారు. ఆ యుద్ధం 1991లో ఆగింది. దాని వెనకే ఆయుధ తనిఖీలు మొదలయ్యాయి. తనిఖీల్లో తేలని లెక్కల్ని కారణంగా చూపించి 2003 మార్చిలో అమెరికా మళ్లీ యుద్ధానికి దిగింది. ఈ రెండు యుద్ధాల మధ్య పన్నెండేళ్లలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఒక మనిషి ఉద్యోగ జీవితాన్ని పట్టుకుని వెళ్లడం మంచి దారి. ఆయన పేరు స్కాట్ రిట్టర్. ఐక్యరాజ్య సమితి తరఫున ఏడేళ్లు ఇరాక్‌లో ఆయుధాలు వెతికి, తర్వాత తన దేశ విదేశాంగ విధానాన్నే బహిరంగంగా తప్పుపట్టిన అమెరికన్ ఆయన. ఆయన్ని కొందరు వీరుడన్నారు, కొందరు ద్రోహి అన్నారు. రెండు మాటలూ మనకు అక్కరకు రావు. తనిఖీ చేసినవాడి మాటకు ఎంతవరకు విలువ ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఆయన జీవితం నుంచి నేర్చుకోదగ్గ విషయం. ఆ అవసరం బాగ్దాద్‌కే పరిమితం కాదు, మన తీరానికీ ఉంది.

రిట్టర్ 1961లో సైనిక కుటుంబంలో పుట్టారు. కాలేజీలో సోవియట్ చరిత్ర చదివి, అమెరికన్ మెరైన్ దళంలో గూఢచార విభాగపు అధికారిగా చేరారు. 1987 డిసెంబరులో రీగన్, గోర్బచేవ్ మధ్యశ్రేణి అణు క్షిపణులను రద్దుచేసే ఒప్పందం మీద సంతకాలు చేశారు. అప్పటిదాకా ఆయుధ ఒప్పందాల అమలును ఉపగ్రహాలతో పైనుంచి చూసేవారు. ఈ ఒప్పందంతో ఒక దేశపు అధికారులు మరో దేశపు క్షిపణి కర్మాగారం గేటు దగ్గరే కాపురం పెట్టి, బయటికి వెళ్లే ప్రతి పెద్ద పెట్టెనూ కొలిచి చూసే పద్ధతి వచ్చింది. వోట్కిన్స్క్ అనే సోవియట్ పట్టణంలో ఆ పని చేసిన తొలి జట్టులో రిట్టర్ ఒకరు. శత్రువు చెప్పింది నమ్మడమా, నమ్మకపోవడమా అన్న ప్రశ్నే లేకుండా, కొలిచి చూసుకుని రాసుకోవడం ఆయన అక్కడ నేర్చుకున్న విద్య. 1991 గల్ఫ్ యుద్ధంలో జనరల్ ష్వార్జ్‌కాఫ్ సిబ్బందిలో ఉన్నప్పుడు ఆ విద్య ఆయన్ని చిక్కుల్లోకి తెచ్చింది. ఇరాక్ స్కడ్ క్షిపణుల ప్రయోగ వాహనాలను పెద్ద సంఖ్యలో ధ్వంసం చేశామని సేనాధిపతి ప్రకటిస్తుంటే, అలా ఒక్కటి ధ్వంసమైనట్టు కూడా రుజువు లేదని ఈ కింది అధికారి నివేదిక రాశారు. విదేశాంగ విధాన విమర్శకుడు కావడానికి ఏళ్ల ముందే ఆయన స్వభావం ఇది.

1991 ఏప్రిల్ 3న భద్రతా మండలి 687వ తీర్మానం చేసింది. రసాయన, జీవాయుధాలనూ, 150 కిలోమీటర్లు మించి వెళ్లే క్షిపణులనూ ఇరాక్ అప్పగించాలి, పర్యవేక్షణలో నాశనం చేయాలి, అణ్వాయుధ ప్రయత్నాలు మానుకోవాలి. అది పూర్తయ్యేదాకా ఆ దేశపు చమురు అమ్మకాల మీద ఆంక్షలు తొలగవు. అణు విషయాలు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చూసుకుంటే, మిగతావి చూడటానికి అన్‌స్కామ్ అనే ప్రత్యేక సంఘం ఏర్పడింది. దానికి మొదట స్వీడన్ దౌత్యవేత్త రోల్ఫ్ ఎకేయస్, 1997 నుంచి ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ బట్లర్ అధ్యక్షులు. రిట్టర్ 1991లోనే ఇందులో చేరారు.

ఇరాక్ మొదట అబద్ధమాడిందన్న దాంట్లో అనుమానం లేదు. కొన్ని ఆయుధాలు అప్పగించి, చాలా వాటిని 1991 వేసవిలో తనిఖీదారులకు చెప్పకుండా తనంతట తానే ధ్వంసం చేసేసింది. దానికి సరైన రికార్డు ఉంచలేదు. జీవాయుధాల కార్యక్రమం అసలు లేనేలేదని నాలుగేళ్లు బుకాయించింది. తనిఖీదారులు ఆ బుకాయింపును పట్టుకున్నది తలుపులు బద్దలుకొట్టి కాదు, దిగుమతి కాగితాలు చదివి. సూక్ష్మజీవులను పెంచడానికి వాడే పోషక పదార్థాన్ని ఇరాక్ సుమారు 39 టన్నులు తెప్పించుకున్నట్టు అమ్మిన కంపెనీల కాగితాల్లో ఉంది. ఆస్పత్రి ప్రయోగశాలలకు అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఇరాక్ చూపించిన వాడకం పోగా 17 టన్నులకు లెక్క తేలలేదు. 1995లో ఒత్తిడి పెరిగి, జీవాయుధాలు తయారుచేశామని ఇరాక్ ఒప్పుకుంది. అదే ఏడాది ఆగస్టులో సద్దాం అల్లుడు హుస్సేన్ కమెల్ జోర్డాన్‌కు పారిపోయి, ఈ కార్యక్రమాల గుట్టు విప్పాడు. వాటితోపాటు, నిల్వలన్నీ 1991లోనే నాశనం చేయించానని కూడా చెప్పాడు. ఈ రెండో మాటను ఆ తర్వాత ఏళ్లలో అమెరికా నాయకులు ఎత్తనే లేదు.

ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. మన జిల్లాల్లో రైస్ మిల్లు మీద విజిలెన్స్ దాడి జరిగితే స్టాకు రిజిస్టరులో ఉన్న బస్తాలకూ గోడౌన్‌లో ఉన్న బస్తాలకూ తేడా కనిపిస్తే కేసు రాస్తారు. అది న్యాయమే, లెక్క చూపించాల్సిన బాధ్యత మిల్లుదే. కానీ ఆ తక్కువపడ్డ బస్తాలు ఎక్కడో చాటు గోడౌన్‌లో ఉన్నాయని ఆ రిజిస్టరు రుజువు చేయదు. అమ్మేసి ఉండవచ్చు, ముక్కిపోతే పారబోసి ఉండవచ్చు, మొదటే తప్పుడు అంకె రాసి ఉండవచ్చు. ఇరాక్ విషయంలో తనిఖీదారులు రాసింది ‘లెక్క తేలలేదు’ అని. వాషింగ్టన్, లండన్ చదువుకున్నది ‘దాచిపెట్టారు’ అని. సోవియట్ దేశం ఇరాక్‌కు అమ్మిన 819 స్కడ్ క్షిపణుల్లో 817 ఏమయ్యాయో తేల్చిన సంఘానికి, ఆ పని గొప్పతనం కన్నా మిగిలిన రెండింటి గురించే ప్రశ్నలు వచ్చాయి.

తొంభైల చివరికి రిట్టర్ పని ఆయుధాలు వెతకడం నుంచి ఇరాక్ వాటిని దాచే యంత్రాంగాన్ని వెతకడంగా మారింది. అందుకోసం అధ్యక్ష భవనాల వైపు, సద్దాం అంగరక్షక దళాల వైపు ఆయన జట్టు వెళ్లింది. ఇరాక్ ఆయన్ని గూఢచారి అంది, 1998 జనవరిలో ఆయన జట్టును అడ్డుకుంది. ఆయన ఇజ్రాయెల్ గూఢచార సంస్థతో సమాచారం పంచుకున్నారని స్వదేశంలో దర్యాప్తు మొదలైంది. గట్టి తనిఖీలు కావాలని పైకి చెబుతూ లోపల తమ ప్రభుత్వమే వాటిని వాయిదా వేయిస్తోందని ఆరోపిస్తూ 1998 ఆగస్టు 26న ఆయన రాజీనామా చేశారు. వారం తర్వాత సెనేట్ కమిటీల ముందు సాక్ష్యం చెప్పారు. అక్కడ సెనేటర్ జో బైడెన్, యుద్ధం ఎప్పుడు చేయాలన్నది నీ జీతం స్థాయి మనిషి తేల్చే విషయం కాదన్న అర్థం వచ్చేలా ఆయనతో మాట్లాడారు. ఆ డిసెంబరులో తనిఖీదారులను వెనక్కి పిలిచి అమెరికా, బ్రిటన్ నాలుగు రోజులు బాంబులు వేశాయి. 1999 జనవరిలో, అన్‌స్కామ్ ముసుగులో అమెరికా ఇరాక్ సంభాషణలు దొంగచాటుగా విందని అమెరికన్ పత్రికలే రాశాయి. ఆ సంఘం మళ్లీ ఇరాక్‌లో అడుగుపెట్టలేదు.

బైడెన్ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఎన్నికైన ప్రభుత్వం చేయవలసిన నిర్ణయాన్ని జీతం తీసుకునే తనిఖీదారు చేయకూడదు. కానీ ఆ నిర్ణయం ఏ వాస్తవం మీద నిలబడిందో చెప్పడానికి అతని కన్నా అర్హుడు ఎవరు? 2002లో అమెరికా ప్రభుత్వం యుద్ధానికి చెప్పిన ప్రధాన కారణం ఒక వాస్తవం: ఇరాక్ దగ్గర మారణాయుధాలున్నాయని. అది విలువలకు సంబంధించిన ప్రశ్న అయితే పార్లమెంటుకు వదిలేయాలి. గోడౌన్‌లో ఏముందన్న ప్రశ్నకు గోడౌన్‌లోకి వెళ్లినవాడు జవాబు చెప్పాలి. రిట్టర్ అదే చేశారు. ఇరాక్ మారణాయుధ సామర్థ్యంలో 90 నుంచి 95 శాతం నాశనమైనట్టు తాము రూఢి చేసుకున్నామనీ, మిగిలినది ఉన్నట్టు రుజువు లేదనీ, తనిఖీదారులను తిరిగి పంపి తేల్చుకోవాలనీ వాదించారు. 2002 సెప్టెంబరు 8న బాగ్దాద్ వెళ్లి, ఇరాక్ జాతీయ సభలో నిలబడి, తనిఖీదారులను బేషరతుగా రానివ్వండని వాళ్లకూ చెప్పారు.

ఆయన మాట మార్చారన్నది రెండో అభ్యంతరం, అది ఇంకా బలమైనది. 1998లో ఇరాక్ ఇంకా దాస్తోందనీ, వదిలేస్తే కొద్ది నెలల్లో రసాయన, జీవాయుధాలు మళ్లీ తయారుచేయగలదనీ సెనేట్‌లో చెప్పినది ఈయనే. 2000లో ఒక ఆయుధ నియంత్రణ పత్రికలో రాసిన వ్యాసంలో, ఆ దేశం గుణాత్మకంగా నిరాయుధమైపోయిందన్నదీ ఈయనే. ఆయన సమర్థకులు దీన్ని మార్పు కాదంటారు. 687వ తీర్మానం ప్రకారం ఒక్క కాగితం దాచినా ఉల్లంఘనే, 1998లో ఆయన మాట్లాడింది ఆ ఉల్లంఘన గురించి. యుద్ధానికి కావలసింది ముప్పు, తర్వాత మాట్లాడింది దాని గురించి. ఇందులో చాలావరకు నిజముంది, అంతా కాదు. నెలల్లో తయారుచేయగలదన్న హెచ్చరిక ముప్పు గురించిన మాటే, అది ఆయన సాక్ష్యాన్ని దాటి వెళ్లిన ఊహ. ఆ ఊహను యుద్ధం కోరినవాళ్లు నాలుగేళ్లు వాడుకున్నారు. అంచేత 1998 రిట్టర్‌నుంచీ 2002 రిట్టర్‌నుంచీ మనం తీసుకోవలసింది ఒకటే: ఏ కర్మాగారం చూశారు, ఏ యంత్రం పగలగొట్టించారు, ఏ కాగితం దొరికింది అన్నది. ఆ వాస్తవాల వరకు రెండు సాక్ష్యాలూ ఒకదాన్నొకటి కొట్టుకోవు.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు కానీ ఒకసారి వరుసగా చూడటం మంచిది. 2002 నవంబరులో హాన్స్ బ్లిక్స్ నాయకత్వంలో కొత్త తనిఖీ సంఘం ఇరాక్ వెళ్లింది. మూడున్నర నెలల్లో సుమారు 500 చోట్ల 700 తనిఖీలు చేసింది. పరిమితి దాటిన కొన్ని క్షిపణులు దొరికితే పగలగొట్టించింది. రసాయన, జీవాయుధ నిల్వలు కనబడలేదు, ఇంకొన్ని నెలలు కావాలంది. ఇవ్వలేదు. 2003 మార్చి 20న దాడి మొదలైంది. మన పార్లమెంటు ఆ ఏప్రిల్‌లో యుద్ధాన్ని గర్హిస్తూ తీర్మానం చేసింది. జూలైలో, సైన్యాన్ని పంపమన్న అమెరికా కోరికను వాజ్‌పేయి ప్రభుత్వం కాదంది. అమెరికా సొంతంగా పంపిన సర్వే బృందం ఇరాక్ అంతా గాలించి, 2004 అక్టోబరులో బయటపెట్టిన నివేదికలో నిల్వలు లేవనీ, 1991 తర్వాత అవి మిగల్లేదనీ రాసింది. 1991కి ముందు తయారై, తుప్పుపట్టి, మట్టిలో పడి ఉన్న రసాయన గుండ్లు తర్వాతి ఏళ్లలో వేల సంఖ్యలో దొరికిన మాట నిజం, వాటివల్ల కొందరు సైనికులు గాయపడిన మాటా నిజం. అవి లెక్క తేలని పాత సరుకు. యుద్ధానికి కారణంగా చూపించిన కొత్త ఆయుధ కార్యక్రమం మాత్రం ఎక్కడా లేదు.

రిట్టర్ వ్యక్తిగత చరిత్ర మచ్చలేనిది కాదు, దాన్ని దాచి ఈ వాదన చేయడం అన్యాయం. ఇరాక్ తనిఖీల మీద ఆయన తీసిన డాక్యుమెంటరీకి డబ్బు పెట్టిన ఇరాకీ అమెరికన్ వ్యాపారికి సద్దాం ప్రభుత్వం చమురు కోటాలు ఇచ్చిందని తర్వాత బయటపడింది. 2011లో, మైనరు బాలిక అనుకుని ఇంటర్నెట్‌లో పోలీసు అధికారితో లైంగికంగా ప్రవర్తించిన కేసులో పెన్సిల్వేనియా న్యాయస్థానం ఆయన్ని దోషిగా తేల్చింది, జైలుకు వెళ్లారు. ఆ నేరం చిన్నది కాదు. 2022 నుంచి రష్యా ప్రభుత్వ ప్రసార సంస్థల్లో ఉక్రెయిన్ యుద్ధం మీద వ్యాఖ్యానాలు చేస్తూ, బూచా పట్టణంలో పౌరుల హత్యలను ఉక్రెయిన్ పోలీసుల మీదికి నెట్టారు. అక్కడ దొరికిన సాక్ష్యాలు రష్యా సైన్యాన్ని చూపిస్తున్నాయి. 2024లో అమెరికా అధికారులు ఆయన పాస్‌పోర్టు తీసుకున్నారు, ఇల్లు సోదా చేశారు. ఇలాంటి మనిషి ఇరాక్ గురించి చెప్పింది మాత్రం ఎందుకు నమ్మాలని అడిగేవాళ్లకు నా జవాబు: ఆయన మంచివాడని నమ్మనక్కర్లేదు. ఇరాక్‌లో ఆయన ఏడేళ్లు చూశారు, కొలిచారు, ఆయనతోపాటు పదుల దేశాల నిపుణులు సంతకాలు పెట్టారు, తర్వాత ప్రత్యర్థులే వెళ్లి సరిచూసుకున్నారు. బూచాలో ఆయన ఏమీ తనిఖీ చేయలేదు. పాత హోదాతో కొత్త విషయం మీద మాట్లాడే విమర్శకుడికి మామూలు పాఠకుడికన్నా ఎక్కువ విలువ ఇవ్వనక్కర్లేదు. ఈ గీత గీసుకోకపోతే, 2003లో ఆయన్ని కొట్టిపారేసినవాళ్లు చేసిన తప్పునే మనం తిరగేసి చేస్తాం.

మన దేశంలో ఆయుధ తనిఖీదారు విమర్శకుడైన కథ నేరుగా లేదు. మన రసాయన ఆయుధాల నిల్వను 1997లో అంతర్జాతీయ ఒప్పందం కింద మనమే ప్రకటించి, అంతర్జాతీయ తనిఖీదారుల ఎదుట 2009 నాటికి పూర్తిగా నాశనం చేశాం. ఆ పని గొడవ లేకుండా జరిగింది. రిట్టర్‌కు దగ్గరగా వచ్చే మనిషి డాక్టర్ ఎ. గోపాలకృష్ణన్. బర్కిలీలో అణు ఇంజనీరింగ్ చదివి, 1993 నుంచి 1996 దాకా అణుశక్తి నియంత్రణ మండలికి అధ్యక్షులుగా చేశారు. తర్వాత హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలోనూ పనిచేశారు. ఆయన పదవిలోకి రావడానికి కొన్ని నెలల ముందు, 1993 మార్చి 31న నరోరా అణు విద్యుత్కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచి, కేంద్రం గంటల తరబడి కరెంటు లేకుండా పోయింది. 1994 మే నెలలో కైగాలో కడుతున్న రియాక్టరు గుమ్మటం లోపలి కాంక్రీటు పెచ్చు ఊడిపడింది. ఆయన నాయకత్వంలో మండలి 1995లో దేశంలోని అణు కేంద్రాలన్నిటినీ పరిశీలించి సుమారు 130 భద్రతా లోపాలతో నివేదిక తయారుచేసింది. ఆయన పదవీకాలం పొడిగించలేదు. ఆ నివేదికను బయటపెట్టమని పౌరహక్కుల సంఘం కోర్టుకు వెళ్తే, అణుశక్తి చట్టం కింద అది రహస్యమన్న ప్రభుత్వ వాదనే నెగ్గింది. 2004లో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది.

గోపాలకృష్ణన్ అణు విద్యుత్తుకు శత్రువు కాదు. మనవాళ్లు సొంతంగా అభివృద్ధి చేసిన భారజల రియాక్టర్ల మీద ఆయనకు నమ్మకం ఉంది. 2005 జూలైలో మన్మోహన్ సింగ్, బుష్ ప్రకటించి 2008 అక్టోబరులో సంతకం చేసిన భారత–అమెరికా అణు ఒప్పందాన్ని ఆయన ఎదిరించింది అందుకే. ఎక్కడా నడిచి రుజువుకాని రకం విదేశీ రియాక్టర్లను అధిక ధరకు కొనడానికి అది దారి తీస్తుందన్నారు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ ఆ ఒప్పందం కింద అమెరికన్ రియాక్టర్లకు కేటాయించిన చోటు. మొదట జనరల్ ఎలక్ట్రిక్ అన్నారు, తర్వాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ అమెరికాలోనే దివాలా దరఖాస్తు చేసింది, కారణం ఇదే రకం రియాక్టర్లు కడుతూ ఖర్చు చేయి దాటిపోవడం. ఒప్పందాన్ని సమర్థించినవాళ్లకూ ఒక మాట దక్కాలి: దానివల్ల దిగుమతి యురేనియం వచ్చి, ఇంధనం చాలక సగం సామర్థ్యంతో నడిచిన మన రియాక్టర్లు కోలుకున్నాయి. కానీ సంతకమై పదిహేనేళ్లు దాటినా ఆ ఒప్పందం కింద అమెరికన్ రియాక్టరు ఒక్కటీ మన నేల మీద నిలబడలేదు. రియాక్టరు లోపలి సంగతి తెలిసినవాడు రియాక్టరు ధర గురించి, భద్రత గురించి చెప్పింది నిలబడింది.

లోపలి గుట్టు తెలిసినవాడు బయటికి వచ్చి మాట్లాడితే దేశ భద్రతకు చేటు కదా అన్నది చివరి అభ్యంతరం. ఆయుధం ఎక్కడుందో, దాని సంకేతాలేమిటో చెబితే చేటే. నరోరాలో మంట ఎందుకు లేచిందో, 130 లోపాల్లో ఎన్ని సరిచేశారో చెబితే శత్రువుకు ఒరిగేది ఏమీ లేదు, ఆ కేంద్రం పక్క ఊరి మనిషికి మాత్రం ప్రాణావసరం. నియంత్రణ మండలికి తాను తనిఖీ చేసే శాఖ నుంచి తగిన స్వతంత్రత లేదని 2012లో కాగ్ కూడా ఎత్తిచూపింది. ఆ మాట పదహారేళ్ల ముందు పదవి దిగిన అధ్యక్షుడు చెబుతూ వచ్చినదే.

తనిఖీ ఎంత ప్రాణావసరమో గోదావరి డెల్టాలో మనుషుల శరీరాల మీద తేలింది. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి పేలి రెండు నెలలు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు గొట్టం పగిలి, ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు 20 మందికి పైగా కాలిపోయారు. నీరు, కండెన్సేట్ కలిసిన గ్యాసు ఆ గొట్టంలో నడవడం వల్ల లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది. తుప్పు ఒక్క రాత్రిలో పట్టదు. గొట్టం మందం ఎంత మిగిలిందో కొలిచే పద్ధతులున్నాయి, కొలిచే మనుషులూ ఉన్నారు. కోనసీమ పొలాల కింద ఇంకా గొట్టాలు వెళ్తున్నాయి. ఏ గొట్టం ఏ ఏడు వేశారు, చివరిసారి ఎప్పుడు కొలిచారు, ఎంత మందం ఉంది, లీకు మీద వచ్చిన ఫిర్యాదుకు ఏం చేశారు అన్న నాలుగు వివరాలతో తనిఖీ పత్రం ఆ గొట్టం వెళ్లే ప్రతి ఊరి పంచాయతీ ఆఫీసులో తెలుగులో ఉండాలి. దాని మీద తనిఖీ చేసిన ఇంజనీరు సంతకం ఉండాలి. రిటైరయ్యాక ఆ ఇంజనీరు గ్రామసభకు వచ్చి ఆ సంతకం గురించి మాట్లాడదలిస్తే, ఏ రహస్య చట్టమూ అడ్డురాకూడదు.